రంగు కంటే ముందు నీళ్ల దారి

పాత వంటిల్లు, పాత స్నానాల గది తక్కువ ఖర్చులో బాగుచేయించాలనుకునేవాళ్లు మొదట రంగు సంగతి అడుగుతారు, తర్వాత టైళ్ల సంగతి. నీళ్ల సంగతి అడిగేవాళ్లు అరుదు. నేనూ అడగలేదు. నరసరావుపేటలో మా అమ్మ ఇంటి బాత్రూం పైకప్పుకు ఆరేళ్లలో మూడుసార్లు రంగు వేయించాను. మూడుసార్లూ ఒక్క వానాకాలం దాటకుండానే పొక్కులు లేచి, పొట్టు పొట్టుగా రాలింది. నాలుగోసారి వచ్చిన తాపీ మేస్త్రి రంగు డబ్బా ముట్టుకోలేదు. డాబా ఎక్కి, ట్యాంకు పక్కన గొంతుక్కూర్చుని, ఓవర్‌ఫ్లో పైపులోంచి పడే ధార స్లాబు మీద ఏ మూలకు పోతోందో పావుగంట సేపు చూశాడు. "అమ్మా, నీళ్లు ఎటు పోతున్నాయో తెలుసుకోకుండా రంగు వేయిస్తే ఆ డబ్బులు కూడా అటే పోతాయి" అన్నాడు. ఒక పైపు ముక్క, ఒక ఎల్బో, గంట పని. ఆ తర్వాత వేసిన రంగు ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

ఆ మాట పట్టుకుని ఈ కొన్నేళ్లలో మా బంధువుల ఇళ్లు, స్నేహితుల ఫ్లాట్లు చాలా చూశాను, కొన్నింటి పనులు దగ్గరుండి చేయించాను. డబ్బు తక్కువైనందువల్ల పాడైన పని నాకు పెద్దగా కనిపించలేదు. ఖర్చు వరస తప్పినందువల్ల పాడైనవి చాలా కనిపించాయి. మొదటి రూపాయి నీళ్ల దారికి పోవాలి. రెండోది ఆ గదిలో పనిచేసే చేతులకూ, నిలబడే కాళ్లకూ. మిగిలింది కంటికి. మనం చేస్తున్నది సరిగ్గా తిరగేసిన వరస: చూడ్డానికి బాగుండే వాటితో మొదలుపెట్టి, డబ్బు అయిపోయాక పైపుల దగ్గర ఆగిపోతాం.

మరమ్మతుకు వస్తున్న ఇళ్లు అన్నీ ఒక్కటి కావు, వాటి జబ్బులూ ఒక్కటి కావు. డంగు సున్నంతో కట్టిన పెంకుటిళ్లు, మండువా లోగిళ్లు ఒక రకం. వాటిలో స్నానం పెరట్లో, జాలారి గట్టు మీద జరిగేది. వంట నేల మీద, కట్టెల పొయ్యి ముందు పీట వేసుకుని జరిగేది. రెండో రకం 1970ల నుంచి కట్టిన డాబా ఇళ్లు, హౌసింగ్ బోర్డు కాలనీల ఎల్‌ఐజీ, ఎమ్‌ఐజీ ఇళ్లు, ఫ్యాక్టరీ క్వార్టర్లు. మొజాయిక్ నేల, కడప బండ గట్టు, ఇనుప పైపులు వీటి గుర్తులు. మూడో రకం ఆ తర్వాత లేచిన అపార్ట్‌మెంట్లు. గ్యాసు పొయ్యి వచ్చాక వంట నేల మీంచి లేచి నిలబడింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం మొదలై, డ్వాక్రా మహిళల ఇళ్లకు కూడా గ్యాసు కనెక్షన్లు చేరాయి. కట్టెల పొయ్యి కోసం కట్టిన గదిలో ఒక గోడవారగా బండ పేర్చి గట్టు చేసుకున్న ఇళ్లు అందుకే అన్ని కనిపిస్తాయి. ఆ గట్టు ఎత్తు ఎవరూ కొలిచి పెట్టింది కాదు. సింకు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పడింది. పాత వంటింట్లో చాలా ఇబ్బందులకు మూలం ఈ అతుకుల్లోనే ఉంది, గది వయసులో కాదు.

సున్నం గోడల ఇళ్లకు మాత్రం వేరే జాగ్రత్త కావాలి. డంగు సున్నం గోడ చెమ్మను పీల్చి మళ్లీ గాలికి వదిలేస్తుంది. చెమ్మ కనిపించిందని దానిమీద సిమెంటు పూత, పైన ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే ఆ తడికి బయటికి దారి ఉండదు. గోడ లోపలే ఉండి ఇంకా పైకి పాకుతుంది, ఉప్పు పొంగుతుంది, సిమెంటు పూత పలకలు పలకలుగా విడిపోతుంది. అలాంటి గోడకు సున్నం పూతే మందు, సున్నమే రంగు. అదే చవక కూడా. చెమ్మ కనబడకుండా గోడ కింది భాగానికి నాలుగడుగుల టైళ్లు అంటించిన ఇళ్లలో ఆరు నెలలు తిరక్కుండానే అయిదో అడుగులో మచ్చ చూశాను.

ఇక నీళ్ల సంగతి. బాత్రూంలో చెమ్మ మూడు దారుల్లో వస్తుంది: నీళ్లు తెచ్చే పైపు, నీళ్లు పోయే పైపు, బయటి వాన. ఏది దొంగో పైసా ఖర్చు లేకుండా తెలుసుకోవచ్చు. రాత్రి పడుకునే ముందు కొళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులో నీటి మట్టానికి గుర్తు పెట్టుకోవాలి. తెల్లారి మట్టం దిగితే తెచ్చే పైపు కారుతున్నట్టే, లేదంటే ఫ్లష్ ట్యాంకు. అది దిగలేదు, కాని స్నానాలయ్యాక గోడకు తడి ఎక్కువవుతోందంటే పోయే దారిలో లోపం. నేలమీది జాలీని గుడ్డతో, ప్లాస్టిక్ కవరుతో బిగించి మూసి, అంగుళం ఎత్తున నీళ్లు నిలబెట్టి, మట్టం గీత గీసి, ఒక రోజంతా గది వాడకుండా వదిలేయాలి. కింది ఫ్లాటు వాళ్లను కూడా వాళ్ల పైకప్పు చూస్తూ ఉండమని అడగాలి. వానకు మాత్రమే తడిస్తే బయటి గోడ పగుళ్లు, కిటికీ సజ్జా, డాబా మీది వాలు చూసుకోవాలి. ఈ రెండు రోజుల ఓపిక పడితే అనవసరంగా నేల తవ్వే పని తప్పవచ్చు.

అపార్ట్‌మెంట్లలో ఇది ఇంకా ముఖ్యం. బాత్రూం దగ్గర స్లాబును అడుగో అడుగున్నరో దించి పోసి, ఆ గుంతలో పైపులు పరిచి, ఇటుక ముక్కలతో నింపి పైన నేల చేస్తారు. సంకెన్ స్లాబు అంటారు. టైళ్ల మధ్య సందుల్లోంచి ఇన్నేళ్లుగా దిగిన నీళ్లు ఆ గుంతలో చేరి నిలవ ఉంటాయి. అవి కింది ఇంటి పైకప్పులో తేలేవరకు పైన ఉన్నవాళ్లకు తెలియదు. ఇక్కడ రెండు మార్గాలున్నాయి. లోపం సందుల్లోనే ఉంటే పాత సిమెంటును గీకి తీసి, ఆరనిచ్చి, ఎపాక్సీ గ్రౌట్ నింపి, జాలీ చుట్టూ, కమోడ్ మొదట్లో సీలెంటు వేస్తే చాలాసార్లు అక్కడితో ఆగుతుంది. గది తవ్వడానికి ముందు ఈ పని ఒకసారి చేసి చూడాలి. లోపం పూడ్చిన పైపులో ఉంటే మాత్రం దొంగదారి లేదు, తవ్వాల్సిందే. తవ్వాక డబ్బు ఆదా చేయాల్సిన చోటు వాటర్‌ప్రూఫింగ్ కాదు. రెండు పూతలు వేసి, గోడ మీదికి కనీసం అడుగు ఎక్కించి, షవర్ దగ్గర ఇంకా పైకి తీసుకెళ్లి, టైలు పెట్టకముందే మళ్లీ రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూడాలి. మేస్త్రి తొందరపెట్టినా ఈ రెండు రోజులు వదులుకోవద్దు. టైలు పడ్డాక తప్పు కనిపెట్టడం అసలు పనికి రెట్టింపు ఖర్చు.

పాత ఇనుప పైపులున్న ఇళ్లలో తెల్లవారి మొదటి చెంబు నీళ్లు ఎర్రగా వస్తే లోపల తుప్పు ముదిరిందని అర్థం. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువగా ఉన్న ఊళ్లలో అరంగుళం పైపు కోసి చూస్తే లోపల పెన్సిల్ పట్టేంత సందు కూడా మిగలకపోవచ్చు. వీటిని మార్చేటప్పుడు గోడకు గాడి కొట్టి కొత్త పైపును లోపలే దాచాలని పట్టుబడితే టైళ్లు పోతాయి, పూత పోతుంది, ఆ రెండూ మళ్లీ వేయించాలి. పాత పైపును లోపలే చంపేసి, కొత్తదాన్ని గోడ మీదుగా, మూలవారగా, క్లిప్పులతో నీటుగా తీసుకెళ్తే ఖర్చు బాగా తగ్గుతుంది. రేపు కారినా కంటికి కనిపిస్తుంది. పైపు కనిపించడం నామోషీ అన్న ఆలోచన మనకు చాలా ఖరీదు పడుతోంది. వేడినీళ్ల లైనుకు సీపీవీసీ తప్పనిసరి. చల్లనీళ్ల కోసం చేసిన యూపీవీసీని గీజరుకు కలిపితే వేడికి మెత్తబడి జాయింట్లు వదులుతాయి. రెండూ చూడ్డానికి దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి పైపు మీద అచ్చు చదివి తీసుకోవాలి.

ఇదంతా సరిచేశాక కూడా మన చేతులతో మనమే పాడుచేసే అలవాటు ఒకటుంది, దాని గురించి గట్టిగా చెప్పాలి. బాత్రూం తోమడానికి యాసిడ్ పోయడం. యాసిడ్ టైలును మెరిపిస్తుంది, టైళ్ల మధ్య సిమెంటును తినేస్తుంది. నెలకోసారి యాసిడ్ పోసే ఇంట్లో సందులు గుల్లబారడం, ఆ సందుల్లోంచి నీళ్లు దిగడం, చివరికి కింది పైకప్పు తడవడం, అన్నీ ఒకే గొలుసు. అంతకంటే ప్రమాదం, యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడర్ కూడా చల్లడం. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. కిటికీ లేని చిన్న గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది. టైళ్ల మీద, కొళాయిల మీద తెల్లగా పేరుకునే ఉప్పుకు వంటింట్లో దొరికే నిమ్మ ఉప్పు చాలు. గోరువెచ్చని నీళ్లలో కలిపి గుడ్డ తడిపి చుట్టి, అరగంట ఆగి రుద్దితే వదులుతుంది. కడప బండ, పాలరాయి మీద మాత్రం అది కూడా వద్దు.

ఎందుకంటే కడప బండ, తాండూరు బండ, బేతంచెర్ల బండ, ఇవన్నీ సున్నపురాయి జాతి. పులుపు తగిలితే పైపొర తినేస్తుంది. చింతపండు రసం పడిన చోట గట్టు మీద బూడిదరంగు మచ్చ పడేది ఇందుకే. ఆ మచ్చలు చూసి విసిగిపోయి గట్టంతా పగలగొట్టి గ్రానైట్ వేయించుకుంటారు. గ్రానైట్ పులుపుకు లొంగదు, నిజమే. మన చీమకుర్తి గ్రానైట్ ప్రపంచమంతా పోతోంది, మన వంటింటికి రావడంలో తప్పేం లేదు. కాని నా మనవి ఏమిటంటే, గట్టు పైబండ మారిస్తే మార్చండి, కింది కడప బండ అరలను మాత్రం ముట్టుకోకండి. ముప్పై నలభై ఏళ్లుగా ఆ అరలు బియ్యం డబ్బాల బరువు మోశాయి. వాటికి చెద పట్టదు, నీళ్లకు ఉబ్బవు, బొద్దింక దాక్కోవడానికి డొల్ల ఉండదు. వాటిని తీసేసి ఆ చోట మాడ్యులర్ కిచెన్ పేరుతో పార్టికల్ బోర్డు డబ్బాలు పెట్టించుకున్న ఇళ్లలో, సింకు కింద ఒక్కసారి పైపు కారితే చాలు, బోర్డు అట్టలా ఉబ్బి కూర్చుంటుంది. ఉన్న రాతి అరలకే ముందు ఒక ఫ్రేము కట్టి తలుపులు బిగిస్తే కంటికి అదే రూపు వస్తుంది, ఖర్చు చాలావరకు తలుపుల మటుకే. తలుపులకు ప్లైవుడ్ తీసుకుంటే సింకు దగ్గర ఐఎస్ 710 గుర్తున్నది, మిగతా చోట ఐఎస్ 303లో బీడబ్ల్యూఆర్ రకం సరిపోతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు సముద్రపు గాలికి చవక కీలు నాలుగు వానలు చూడదు. అక్కడ స్టీలు 304 రకం అడిగి తీసుకోవడం ఆదా కిందే లెక్క.

మొజాయిక్ నేల విషయంలో కూడా నాకు ఇదే అభిప్రాయం: ఉన్నదాన్ని పగలగొట్టకండి. పాలిష్ మిషన్‌తో రాయి మార్చి మార్చి రుద్దితే, పైన పేరుకున్న మురికి పొర పోయి, అడుగునున్న చిన్న చిన్న రాతి ముక్కలు మళ్లీ బయటపడతాయి. మా పిన్ని ఇంట్లో ఆ పని జరిగినప్పుడు చూశాను. బురద కడిగేశాక బయటపడిన నేలను ఆవిడ చాలాసేపు చూస్తూ నిలబడింది. పెళ్లయి వచ్చిననాటి నేల అది. ఒక్క బాత్రూంలో మాత్రం పాలిష్ చేసిన మొజాయిక్ వద్దు, జారుతుంది.

జారడం అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. తక్కువ ఖర్చు మరమ్మతుల్లో అందరూ మరిచిపోయేది ఇదే. మా అమ్మ రెండేళ్ల కిందట బాత్రూంలో పడింది. ఎముక విరగలేదు, కాని ఆ భయం ఆమె నడకలోంచి ఇప్పటికీ పోలేదు. గోడలకు కొత్త టైళ్లు వేయించిన నేను, నేలకు గరుకు టైలు వేయించాలని అనుకోలేదు. తలుపు పక్కన ఒకటి, కమోడ్ పక్కన ఒకటి, గోడకు గట్టిగా బిగించిన స్టీలు పట్టు కడ్డీలు పెట్టించాలని తోచలేదు. ఈ రెండింటి ఖర్చు నేను తెచ్చిన అలంకారపు అద్దం ఖర్చు కంటే తక్కువ. నేల వాలు కూడా చూసుకోవాలి. పదడుగులకు అంగుళం నుంచి అంగుళమున్నర దాకా వాలు ఉంటే నీళ్లు వాటంతట అవే పోతాయి. నీళ్లు నిలిచే నేల పాచి పడుతుంది, పాచి పడ్డ నేల పెద్దవాళ్లను పడేస్తుంది.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఒరిస్సా పాన్ తీసి కమోడ్ పెట్టించడం మరో అవసరం. ఇందులో ఖర్చు కమోడ్‌ది కాదు, నేల తవ్వి ట్రాప్ మార్చడానిది. కొనే ముందు పాత కనెక్షన్ గోడలోకి పోతోందా, నేలలోకి పోతోందా, నేలలోకైతే గోడ నుంచి దాని మధ్యభాగం ఎన్ని అంగుళాల దూరంలో ఉందో కొలుచుకుని షాపుకు వెళ్లాలి. కొలత తప్పితే వస్తువు మళ్లీ తిరిగి పోవాలి. కమోడ్ చోటు మార్చాలన్న కోరిక వీలైనంత వరకు మానుకోవడం మంచిది. మురుగు పైపు ఎటుంటే గది అటే తిరగాలి. అలాగే వాడని బాత్రూంలో వాసన వస్తోందని నేల తవ్వించేవాళ్లున్నారు. జాలీ కింద ఉండే నహానీ ట్రాప్‌లో నిలవ ఉండాల్సిన నీళ్లు ఎండిపోతే మురుగు గాలి పైకి వస్తుంది. వారానికో చెంబు నీళ్లు పోస్తే చాలు.

వంటింట్లో చేతుల సంగతి ఎత్తుతో మొదలవుతుంది. నిలబడి కూర తరిగేటప్పుడు వెన్ను వంగకూడదు, భుజం లేవకూడదు. మామూలు ఎత్తు ఆడవాళ్లకు 32 నుంచి 34 అంగుళాల గట్టు సరిపోతుంది. పాత గట్టు 29, 30 అంగుళాలుంటే పైన కొత్త గ్రానైట్ వేసేటప్పుడే అడుగున ఇటుక వరస పెంచి ఎత్తు సరిచేయొచ్చు. ఈ కొలత గది యజమానిది కాదు, రోజూ వండే మనిషిది. మేస్త్రి వచ్చిన రోజు ఆమెను గట్టు ముందు నిలబెట్టి కొలవాలి. మా ఇంట్లో నేను పాత గట్టు పక్కనున్న చిన్న తిన్నె తీసేద్దామంటే, "అది తీసేస్తే రోలు ఎక్కడ పెట్టుకోవాలే అమ్మాయ్?" అంది అమ్మ. తిన్నె ఉండిపోయింది.

గది చిన్నదని గోడలు పడగొట్టడం కూడా అవసరం లేదు. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో 1926లో మార్గరేటె షుట్టె లిహోట్స్కీ అనే ఆర్కిటెక్టు పేద కుటుంబాల ఇళ్ల కోసం రూపొందించిన వంటగది ఆరడుగుల చిల్లర వెడల్పు, పదకొండు అడుగుల చిల్లర పొడవు. వండే మనిషి వేసే అడుగులు లెక్కపెట్టి, ఏది ఎక్కడ ఉంటే అడుగులు తగ్గుతాయో చూసి అమర్చింది. మన హౌసింగ్ బోర్డు ఇళ్ల వంటగదులు దానికంటే అంత చిన్నవేమీ కావు. సింకు, పొయ్యి, తరిగే చోటు దగ్గరగా, వరసగా ఉండి, పొయ్యి పైన ఒక మంచి ఎగ్జాస్ట్ ఫ్యాను, తరిగే చేతి మీద నీడ పడకుండా ఒక దీపం ఉంటే ఆ గది పెద్దదవుతుంది.

గ్యాసు గురించి ఒక హెచ్చరిక. గట్టు కింద సిలిండర్‌కు తలుపు బిగిస్తే ఆ తలుపు అడుగున గాలి ఆడే సందులు ఉండి తీరాలి. వంటగ్యాసు గాలికంటే బరువు. కారితే పైకి లేవదు, నేలబారున పేరుకుంటుంది. బిగుతుగా మూసిన అందమైన అరలో అది మన ముక్కుకు కూడా చేరకుండా నిలవ ఉంటుంది.

కరెంటు సంగతి త్వరగా చెప్పేస్తాను, ఇది మన చేతి పని కాదు కాబట్టి. 3 కిలోవాట్ల గీజరు దాదాపు 13 ఆంపియర్లు లాగుతుంది. పాత ఇంట్లో లైట్ల కోసం వేసిన సన్నని వైరుకు దాన్ని తగిలిస్తే గోడలోనే కాలుతుంది. గీజరుకు విడిగా లైను, సరైన ఎర్తు, ఇంటికి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, ఈ మూడూ లేకుండా బాత్రూంకు పెట్టే ఏ ఖర్చూ నాకు అర్థవంతంగా కనిపించదు.

టైళ్ల దగ్గరికొస్తే, పాతవి పగలగొట్టాలా, వాటిమీదే కొత్తవి అంటించాలా అన్నది అందరి ప్రశ్న. లెక్క వేసి చూద్దాం. అయిదు అడుగులకు ఏడు అడుగుల బాత్రూం, గోడలకు ఏడడుగుల ఎత్తు వరకు టైళ్లు అనుకుంటే, తలుపు తీసేయగా గోడలు సుమారు 150 చదరపు అడుగులు, నేల 35. ఇదంతా ఊడదీస్తే టైలూ, వెనక సిమెంటూ కలిపి ముప్పావు టన్ను సులువుగా దాటుతుంది. మూడో అంతస్తు నుంచి దాన్ని బస్తాల్లో దింపాలి, ఆటోట్రాలీ మాట్లాడాలి. రోడ్డు పక్కన, చెరువు గట్టున పోసి రావడం తప్పు. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో ఈ వ్యర్థాలను మళ్లీ వాడుకకు తెచ్చే ప్లాంట్లున్నాయి. కాబట్టి గోడల మీది పాత టైళ్లు గట్టిగా ఉంటే వాటిమీదే టైల్ అడెసివ్‌తో కొత్తవి అంటించడం నాకు సమ్మతమే. కొయ్య పిడితో ఒక్కో టైలునూ తట్టి, డొల్ల శబ్దం వచ్చినవి ఊడదీసి పూడ్చాలి, పాత నునుపు మీద గరుకు పెట్టాలి, మామూలు సిమెంటుతో అంటించకూడదు. నేల మీద మాత్రం రెండుసార్లు ఆలోచించాలి. నేల అరంగుళం లేస్తే తలుపు తగులుతుంది, వాలు మారుతుంది, గడప దాటి నీళ్లు హాల్లోకి వస్తాయి. అడుగున చెమ్మ ఉంటే టైలు మీద టైలు అసలే పనికిరాదు, జబ్బును కప్పెట్టడమే.

గోడలకు ఏడడుగుల దాకా టైళ్లు అవసరమా అని కూడా అడుగుతాను. నీళ్లు నేరుగా పడే మూల తప్ప మిగతా చోట నాలుగడుగులు చాలు, ఆపైన మంచి రంగు నిలుస్తుంది. చిన్న గదికి టైళ్ల ఊరు మోర్బీ నుంచి వచ్చిన లాట్లలో మిగిలిపోయిన పెట్టెలు షాపుల్లో తగ్గింపు ధరకు దొరుకుతాయి. గ్రానైట్ షాపుల వెనక పడి ఉండే కట్ పీసులు గడపలకు, కిటికీ అడుగులకు, సబ్బు గూటికి సరిగ్గా సరిపోతాయి. పెట్టెల మీద బ్యాచ్ నంబరు ఒకటే ఉందో లేదో చూసి, పదోవంతు ఎక్కువ కొనాలి.

పాత టైళ్ల మీదే రంగు వేసుకోవచ్చా? గోడ మీద, నీళ్లు నేరుగా పడని చోట, వేసుకోవచ్చు. సబ్బు, నూనె జిడ్డు పూర్తిగా వదిలించి, ఉప్పుకాగితంతో మెరుపు చంపి, రెండు భాగాలు కలిపే ఎపాక్సీ రకం వేస్తే కొన్నేళ్లు ఉంటుంది. నేల మీదా షవర్ కిందా వేయించుకుంటే పొరలు లేస్తుంది. వినైల్ స్టిక్కర్లు పొయ్యి దగ్గర నిలవవు. ఫాల్స్ సీలింగ్‌లా గోడకు బిగించే పీవీసీ పలకలు చెమ్మను దాచి పెంచుతాయి, పొయ్యి దగ్గరైతే నిప్పు భయం కూడా ఉంది. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు వీటి జోలికి పోకుండా గ్రౌట్ శుభ్రం చేయించుకుని, కొళాయిలు మార్చి, ఒక మంచి బల్బు పెట్టుకుంటే సగం మార్పు వస్తుంది.

ఇప్పుడు రంగు. చివర చెబుతున్నానంటే చిన్నదని కాదు, దాని చోటు అక్కడ కాబట్టి. సంక్రాంతికి ఇంటికి సున్నం వేసే అలవాటులో మంచి తెలివి ఉంది. వానల తడి ఆరి, గోడ పొడిబారాక, సున్నం పడేది. సున్నపు క్షార గుణానికి బూజు బతకదు. ఏటా వేసేవాళ్లు కాబట్టి గోడ ఏటా శుభ్రపడేది. ఇప్పుడు మనం ఏళ్ల తరబడి ఉండే రంగు అడుగుతున్నాం, కాని గోడను సిద్ధం చేసే ఓపిక మాత్రం ఏటా వేసే సున్నానికి ఇచ్చినంతే ఇస్తున్నాం.

తడి అరచేతిని గోడకు రుద్ది చూడండి. చేతికి తెల్లగా అంటితే అది సున్నమో, పాత డిస్టెంపరో. దానిమీద ఎమల్షన్ వేస్తే రంగు పట్టుకునేది గోడను కాదు, పొడిని. పొడితోపాటే ఊడుతుంది. గీకాలి, తుడవాలి, ప్రైమర్ వేయాలి. పని అప్పగించేటప్పుడు పెయింటర్‌తో మాట్లాడుకోవాల్సింది ఎన్ని కోట్లు వేస్తావని మాత్రమే కాదు, ఎంత గీకుతావని కూడా. లప్పం విషయంలో వంటింటికీ బాత్రూంకూ సుద్ద కలిపిన రకం పనికిరాదు, తెల్ల సిమెంటు పుట్టీయే పెట్టించాలి. వంటింట్లో పొయ్యి పైనున్న నూనె మసి మీద నేరుగా రంగు వేస్తే పసుపుపచ్చగా పైకి తేలుతుంది. వేణ్ణీళ్లలో చాకలి సోడా కలిపి కడిగి, మంచినీళ్లతో తుడిచి, ఆరాక ప్రైమర్. బాత్రూం పైకప్పు మీద నల్లబూజు ఉంటే దాన్ని పలచటి బ్లీచింగ్ ద్రావణంతో చంపి, ఆరనిచ్చి, అప్పుడు బూజు పట్టని రకం ఎమల్షన్ వేయాలి. ఎగ్జాస్ట్ ఫ్యాను గాని, తెరుచుకునే వెంటిలేటర్ గాని లేకపోతే అది కూడా మళ్లీ నల్లబడుతుంది. కొత్తగా సిమెంటు పూత వేయించిన చోట నాలుగు వారాలు ఆగాలి. ఎనామిల్ రంగు జిడ్డు తుడుచుకోవడానికి బాగుంటుంది, చెమ్మ గోడకు మాత్రం శత్రువు.

పైకప్పు పెచ్చులూడి లోపల ఇనుప కడ్డీ కనిపిస్తుంటే రంగు మాట ఎత్తకండి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. అది ఇంజనీరు చూడాల్సిన పని.

పాత తలుపులు, కిటికీ చువ్వలు గీకించేటప్పుడు ఇంకో సంగతి మనసులో పెట్టుకోవాలి. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలకు మించకూడదన్న నియమం 2016లో వచ్చింది, 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామిల్ పొరల్లో సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. పొడిగా ఉప్పుకాగితం పట్టించి ఆ దుమ్ము ఇల్లంతా ఎగరనివ్వకూడదు. తడిపి రుద్దాలి, మాస్కు కట్టాలి, చిన్నపిల్లలను, గర్భిణులను ఆ రోజుల్లో వేరే ఇంట్లో ఉంచాలి. టైలు కోసే మేస్త్రికి కూడా మాస్కు మనమే కొనివ్వాలి, నీళ్లు చల్లుతూ కోయమని చెప్పాలి. ఆ రాతి దుమ్ము అతని ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి పేరుకుంటుంది. ఇంటి వెనక పాత ఆస్‌బెస్టాస్ రేకులుంటే వాటిని పగలగొట్టకుండా, కోయకుండా, తడిపి నిండు రేకుగానే దింపించాలి.

కొలతలు మనమే తీసుకుంటే డబ్బాలు మిగలవు. ఎనిమిది అడుగులకు పది అడుగుల వంటగదికి, పదడుగుల ఎత్తుకు, టైళ్లూ తలుపూ కిటికీ పోగా గోడలు సుమారు 270 చదరపు అడుగులు, పైకప్పు 80. లీటరు ఎమల్షన్ రెండు కోట్లకు 60, 70 చదరపు అడుగులు వస్తుంది కాబట్టి అయిదారు లీటర్లు. రంగు ఖర్చు ఇంతే. కూలీ అంతకంటే ఎక్కువ, ఆ కూలీలో పెద్ద భాగం గీకుడుకు పోవాలి.

డబ్బు ఒక్కసారిగా లేనివాళ్లు పనిని రెండేళ్లుగా విడగొట్టుకోవచ్చు. మొదటి వేసవిలో పైపులు, చెమ్మ, కరెంటు, నేల. రెండో వేసవిలో గట్టు, తలుపులు, రంగు. మధ్యలో వచ్చే వానాకాలం మనకు ఉచితంగా పరీక్ష పెడుతుంది. మేస్త్రికి డబ్బు కూడా దశలవారీగా ఇవ్వాలి. నీళ్లు నిలబెట్టి చూసిన రోజు ఒక భాగం అని ముందే మాట్లాడుకుంటే అతనికీ మనకూ మనస్పర్థ ఉండదు. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది కాబట్టి పాత ధరతో రాసిన అంచనా ఉంటే మళ్లీ రాయించుకోవాలి.

పని ముగిసిన రోజు నేను ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఒకటి చేయిస్తున్నాను. గోడలు మూసేముందు పైపులు కనిపిస్తున్నప్పుడు తీసి ఉంచిన ఫోటోను ప్రింటు వేయించి, దాని వెనక తేదీ, టైలు బ్యాచ్ నంబరు, రంగు షేడు నంబరు, జాలీ నుంచి పైపు ఎన్ని అంగుళాల లోతులో ఎటు పోతోందో రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, వంటింటి అలమర తలుపు లోపలివైపు అంటిస్తాను. మిగిలిన నాలుగు టైళ్లు అటక మీద. మా అమ్మ ఇంట్లో ఆ కాగితం పోపుల పెట్టె పైన ఉంది. అడుగున మేస్త్రి తన ఫోన్ నంబరు తన చేత్తోనే రాశాడు, దాని పక్కన అమ్మ పెన్సిల్‌తో రాసుకుంది: "ట్యాంకు పైపు – ఏటా వానల ముందు చూడాలి."